నలుగురితో పాటు చెయ్యెత్తే ముందు
(సంఘ అధ్యయన పాఠము)



కొన్ని సంవత్సరముల క్రితము మన సంఘములవంటి ఒక సంఘములో సర్వసభ్య సమావేశము జరిగింది. ఆదివారపు బడిలో తెలుగు తరగతిని ఆపివేసి, పిల్లలందరినీ ఇంగ్లీషు తరగతిలో కలపాలని ఒక తీర్మానము వచ్చింది. ఆ దినమున అధ్యక్షత వహించినది నేనే. తీర్మానము నాకు ఇష్టము లేదు. అయితే చిన్న వయస్సు దంపతులందరూ దానినే కోరుతున్నారని అనుకున్నాను. అందుచేత "కాలమునుబట్టి మనము కూడా మారాలి గదా" అని నేనే మొదట మాట్లాడాను. తరువాత "అభ్యంతరము ఉన్నవారెవరైనా ఉన్నారా?" అని అడిగాను. ఎవరూ లేవలేదు. "అనుకూలముగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నాను. అన్ని చేతులూ లేచాయి. ఏకగ్రీవము అని మినిట్సు పుస్తకములో వ్రాసుకున్నాము.

బయట చెప్పులు తొడుక్కుంటూ ఉండగా ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "మాస్టారూ, మీరే అలా అంటే ఇక మేమేమంటాము? మా పిల్లలకు తెలుగు అక్షరము కనబడేది ఆ ఒక్క గంటే గదండీ" అన్నది. ఆ వారములోనే మరి ఏడెనిమిది మంది, ఒక్కొక్కరుగా, ఇంచుమించు ఇదే మాట చెప్పారు. చిన్నవారు కోరుతున్నారని పెద్దలు అనుకున్నారు. పెద్దలు కోరుతున్నారని చిన్నవారు అనుకున్నారు. చాలామందికి అక్కరలేని తీర్మానము అందరి చేతులతోను ఆమోదము పొందింది.

నాలుగేండ్ల తరువాత ఆ తరగతిని మళ్లీ తెరిచాము. అప్పటికి కొందరు పిల్లలు పాటల పుస్తకమును చేత పట్టుకొని, ప్రక్కవారి నోటివైపు చూస్తూ పెదవులు కదుపుతున్నారు. అక్షరములు మరచిపోయారు.

ఈ పాఠము ఆ తప్పులోనుండి పుట్టినది. నలుగురిలో కూర్చున్నప్పుడు మన మాట, మన చెయ్యి, మన మౌనము ఎందుకు మారిపోతాయి? ఈ ప్రశ్నను మనస్తత్వ శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా పరిశోధించారు. వారు కనుగొన్న వాటిలో మనకు పనికివచ్చే సంగతులను వరుసగా చూద్దాము.

1. కన్ను చూచినది ఒకటి, నోరు చెప్పినది ఒకటి

సాలమన్ యాష్ అనే శాస్త్రజ్ఞుడు 1907లో పోలెండ్ దేశములోని వార్సాలో ఒక యూదుల కుటుంబములో పుట్టాడు. తన చిన్ననాటి సంగతి ఒకటి ఆయన చెప్పేవాడు. పస్కా పండుగ రాత్రి భోజనపు బల్లమీద ఒక గిన్నెలో అదనముగా ద్రాక్షారసము పోశారు. అది ఎవరికి అని బాలుడు అడిగితే, ఏలీయా ప్రవక్తకు అన్నారు. "గిన్నెవైపే చూస్తూ ఉండు, రసము కొంచెము తగ్గుతుంది" అన్నాడు అతని మామ. బాలుడు కన్నార్పకుండా చూశాడు. నిజముగానే కొంచెము తగ్గినట్లు అతనికి కనిపించింది. చుట్టూ ఉన్నవారి నమ్మకము మన కంటిని కూడా మార్చగలదా అనే ప్రశ్న అతనితో పాటు పెరిగింది.

తరువాత అమెరికాలో ఆయన ఆచార్యుడై, 1951 మొదలుకొని కొన్ని ప్రయోగముల ఫలితములు ప్రకటించాడు. ఒక గదిలో సుమారు ఎనిమిది మంది విద్యార్థులు కూర్చుంటారు. ఒక కార్డుమీద ఒక గీత, ఇంకొక కార్డుమీద మూడు గీతలు ఉంటాయి. మొదటి గీతకు సమానమైన గీత ఏదో ఒక్కొక్కరు పైకి చెప్పాలి. చిన్న పిల్లవాడు కూడా చెప్పగలిగినంత సులభమైన పని. అయితే వారిలో ఒక్కడే నిజమైన పరీక్షార్థి. మిగిలినవారందరూ ముందుగా మాట్లాడుకొని వచ్చినవారు. పద్ధెనిమిది పర్యాయములలో పన్నెండు పర్యాయములు వారందరూ కలిసి ఒకే తప్పు జవాబు చెబుతారు. పరీక్షార్థి వంతు దాదాపు చివరకు వస్తుంది.

ఒంటరిగా అడిగితే నూటికి ఒక తప్పు కూడా రాని ఆ ప్రశ్నలలో, గుంపు మధ్య వచ్చిన జవాబులలో మూడింట ఒక వంతుకు పైగా తప్పులే. నలుగురిలో ముగ్గురు కనీసము ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పు చెప్పారు. నలుగురిలో ఒక్కడు మాత్రము ఒక్కసారి కూడా లొంగలేదు. తప్పు చెప్పేవాడు ఒక్కడే ఉంటే అతని బలము ఇంచుమించు ఏమీ లేదు. ఇద్దరైతే కొంచెము ఉన్నది. ముగ్గురైతే దాదాపు పూర్తి బలము వచ్చేసింది. ఆ పైన ఎంతమందిని చేర్చినా పెద్ద తేడా రాలేదు. సభలో ముందు వరుసలోని ముగ్గురు ఒకే మాట అంటే ఎంత బరువు ఉంటుందో దీనివలన గ్రహించవచ్చును.

ఇది ఆ కాలపు అమెరికా సంగతి మాత్రమే కాదు. 1996లో ఇద్దరు పరిశోధకులు 17 దేశములలో జరిగిన 133 పరిశీలనలను కలిపి చూశారు. వ్యక్తికంటె కుటుంబమునకు, సమూహమునకు ఎక్కువ విలువనిచ్చే సమాజములలో ఈ గుణము ఇంకా ఎక్కువగా కనబడింది. 2023లో స్విట్జర్లాండ్‌లో మళ్లీ చేసినప్పుడు కూడా తప్పులు మూడింట ఒక వంతు వచ్చినవి. "నలుగురితో నారాయణా, గుంపుతో గోవిందా" అని మన పెద్దలు ఊరకే అనలేదు.

2. ఎందుకు లొంగుతాము?

1955లో మార్టన్ డాయిష్, హెరాల్డ్ జెరార్డ్ అనే ఇద్దరు దీనికి రెండు కారణములున్నవని విడదీసి చెప్పారు.

మొదటిది: "వారికి నాకంటె బాగా తెలిసి ఉంటుంది" అనుకోవడము. తెలియని ఊరిలో బస్సు దిగినప్పుడు అందరూ వెళ్లేవైపే మనమూ వెళ్తాము. ఇది తప్పు కాదు, చాలాసార్లు మేలే. టర్కీ దేశస్థుడైన ముజఫర్ షెరీఫ్ 1935లో ఒక చీకటి గదిలో కదలని చిన్న వెలుగు చుక్కను చూపించి, అది ఎంత దూరము కదిలిందో చెప్పమన్నాడు. చీకటిలో ఒంటరి వెలుగు కదిలినట్లు కంటికి భ్రమ కలుగుతుంది. విడివిడిగా చూచినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క కొలత చెప్పారు. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెడితే కొంతసేపటికి కొలతలన్నీ దగ్గరకు వచ్చాయి. తరువాత ఒంటరిగా అడిగినా గుంపులో కుదిరిన కొలతనే చెప్పారు. సంగతి స్పష్టముగా లేనప్పుడు గుంపే మనకు కొలబద్ద అవుతుంది.

రెండవది: "నలుగురు ఏమనుకుంటారో" అనే భయము. నిజము మనకు తెలుసు, కాని వేరుగా కనబడటము ఇష్టము లేదు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనిపించుకోవడము ఎవరికిష్టము? యాష్ ప్రయోగములో జవాబును పైకి చెప్పకుండా కాగితముమీద వ్రాయమన్నప్పుడు తప్పులు బాగా తగ్గిపోయినవి. చాలామందికి కన్ను సరిగానే చూచినది. నోటికే ధైర్యము చాలలేదు.

అంతియొకయలో పేతురు సంగతి మనకు తెలిసినదే. అన్యజనులతో కలిసి భోజనము చేస్తున్నవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుకకు తగ్గాడు. అది చూచి మిగిలినవారు, చివరకు బర్నబా కూడా తగ్గిపోయారు (గలతీ. 2). పేతురుకు సత్యము తెలియక కాదు. వచ్చినవారు ఏమనుకుంటారో అన్న భయమే కారణమని పౌలు స్పష్టముగా వ్రాశాడు.

3. మౌనము చేసే మోసము

1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే పరిశోధకులు ఒక గదిలో విద్యార్థులను కూర్చోబెట్టి ప్రశ్నాపత్రము నింపమన్నారు. కొంతసేపటికి గోడలోని సందునుండి పొగ రావడము మొదలైంది. గదిలో ఒక్కడే ఉన్నప్పుడు నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్లు కూర్చోవలసినదిగా ముందే చెప్పియుంచిన ఇద్దరి మధ్య కూర్చున్నప్పుడు, పదిమందిలో ఒక్కడే లేచాడు. మిగిలినవారు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ కాగితము నింపుతూనే ఉన్నారు! ప్రతివాడు ప్రక్కవాని ముఖము చూచి, "వీడు కదలలేదు గనుక ప్రమాదము ఏమీ లేదు" అనుకున్నాడు. ముగ్గురూ నిజమైన పరీక్షార్థులైనప్పుడు కూడా, నూటికి 38 గుంపులలోనే ఎవరో ఒకరు లేచి చెప్పారు.

జెర్రీ హార్వీ అనే ఆచార్యుడు 1974లో తన సొంత ఇంటి కథ ఒకటి వ్రాశాడు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రములో కోల్మన్ అనే చిన్న ఊరు. ఎండ 40 డిగ్రీలు. ఇంటివారు నీడలో ఆట ఆడుకుంటూ హాయిగా ఉన్నారు. "అబిలీన్ వెళ్లి భోజనము చేద్దామా?" అన్నాడు మామగారు. భార్య సరే అంది, అల్లుడు సరే అన్నాడు, అత్తగారు సరే అంది. చల్లని గాలి లేని పాత కారులో 53 మైళ్లు దుమ్ములో వెళ్లి, రుచిలేని భోజనము తిని తిరిగి వచ్చారు. ఇంటికి వచ్చాక తేలినదేమంటే, నలుగురిలో ఒక్కరికీ వెళ్లాలని లేదు. మామగారు కూడా, మిగిలినవారికి విసుగ్గా ఉన్నదేమో అని అన్నాడట.

మన తెలుగు తరగతి తీర్మానము అచ్చముగా అబిలీన్ ప్రయాణమే. మన ఇండ్లలో పెళ్లిళ్ల సంగతి కూడా ఆలోచించండి. అప్పుచేసి వేయిమందికి భోజనములు పెట్టడము నిజముగా ఎందరికి ఇష్టము? "అందరూ అలాగే చేస్తున్నారు గదా, మనము తగ్గితే ఏమనుకుంటారు" అంటారు. పెండ్లికుమార్తె తండ్రి అలా అనుకుంటాడు, పెండ్లికుమారుని తండ్రి అలాగే అనుకుంటాడు, భోజనానికి వచ్చిన చుట్టము కూడా తన ఇంటి పెళ్లికి అలాగే అనుకుంటాడు. ప్రతివాడు ఎదుటివాని కోరిక అనుకొని ఎదుటివాని భయమునే మోస్తున్నాడు. అప్పు మాత్రము నిజము.

"మౌనము అర్ధాంగీకారము" అంటారు. ఈ ప్రయోగములు చెప్పేదేమంటే, సభలో మౌనము అంగీకారము కానవసరము లేదు. అది ఒక్కొక్కసారి భయము, ఒక్కొక్కసారి మర్యాద, ఒక్కొక్కసారి ప్రక్కవాని మౌనమునకు ప్రతిధ్వని.

4. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన

మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి వారి బలమును కొలిచాడు. ఆ ఫలితములు 1913లో అచ్చయినవి. ఒక్కొక్కరుగా లాగినప్పుడు ఉన్న బలములో, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు మనిషికి సుమారు సగమే వచ్చింది. అందరూ ఒకేసారి లాగలేకపోవడము కొంత కారణము. 1979లో లటానే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో ఇటువంటి పరీక్షే చేశారు. గుంపులో ఉన్నామనుకున్నప్పుడు మనిషి తన ప్రయత్నమునే తగ్గించుకుంటాడని తేలింది. తన వంతు వేరుగా కనబడదు గనుక.

రాజుగారు రాత్రివేళ తొట్టిలో తలా ఒక చెంబు పాలు పొయ్యమంటే, తెల్లవారేసరికి తొట్టినిండా నీళ్లే ఉన్నాయన్న కథ మనకు తెలుసు. "అందరూ సహకరించాలి" అని ప్రకటన చేస్తే కుర్చీలు సర్దేది ఎప్పుడూ ఆ ముగ్గురే. "ఈ నెల ఈ నాలుగు కుటుంబములు" అని పేర్లు చదివితే పని జరుగుతుంది. మనుష్యులు చెడ్డవారై కాదు. పేరు పెట్టని పని ఎవరిదీ కాదు.

5. పెద్దల మాట బరువు

యాష్ వద్ద సహాయకుడుగా పనిచేసిన స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో యేల్ విశ్వవిద్యాలయములో ఒక ప్రయోగము ప్రారంభించాడు. తప్పు చెప్పిన ప్రతిసారీ అవతలి గదిలోని మనిషికి విద్యుత్ షాకు ఇవ్వాలి, ప్రతి తప్పుకు 15 వోల్టులు పెంచాలి అని మామూలు పౌరులకు చెప్పారు. నిజానికి షాకు లేదు, అవతలి మనిషి నటుడు. కొట్టవలసినది చివరి మీట, 450 వోల్టులు. 1963లో ప్రకటించిన మొదటి ప్రయోగములో 40 మందిలో 26 మంది ఆ చివరివరకు వెళ్లారు. చాలామంది చెమటలు పట్టి, వణుకుతూ, అభ్యంతరము చెబుతూనే వెళ్లారు. ఎదురుగా ఒక అధికారి నిలబడి "కొనసాగించండి" అంటున్నాడు గనుక. అది నిజమైన షాకు కాదేమో అని కొందరు అనుమానించారని తరువాతి పరిశోధకులు విమర్శించారు. అయినను పాఠము చిన్నది కాదు.

ఎక్కువ చదివినవారి సభలు దీనికి మినహాయింపు కావు. 1961 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వము సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులను 'బే ఆఫ్ పిగ్స్' అనే తీరములో దింపింది. మూడు రోజులలో అది ఘోరముగా విఫలమైంది. అధ్యక్షుడు కెన్నెడీ సలహాదారులలో ఆర్థర్ ష్లెసింజర్ అనే చరిత్రకారునికి మొదటినుండి అనుమానమే. అయినా సమావేశములలో గట్టిగా మాట్లాడలేకపోయానని తరువాత తానే పశ్చాత్తాపముతో వ్రాసుకున్నాడు. ఇర్వింగ్ జానిస్ అనే ఆచార్యుడు 1972లో ఇటువంటి సభలను పరిశీలించి, ఐకమత్యమును కాపాడుకోవాలన్న ఆత్రుతలో సభ ఆలోచించడమే మానుకుంటుందని చూపించాడు. కెన్నెడీ పాఠము నేర్చుకున్నాడు. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభము వచ్చినప్పుడు, కొన్ని సమావేశములకు తాను రాకుండా సలహాదారులనే స్వేచ్ఛగా వాదించుకోనిచ్చాడు.

ఇంతకంటె ఎంతో పురాతనమైన జ్ఞానము ఒకటి ఉన్నది. క్రీ.శ. 200 ప్రాంతములో కూర్చబడిన మిష్నా అనే యూదుల గ్రంథములో న్యాయసభకు ఒక నియమము కనబడుతుంది. మరణశిక్షకు సంబంధించిన వ్యాజ్యెములో అభిప్రాయములు చెప్పడము అంచున కూర్చున్న చిన్నవారితో మొదలుపెట్టాలి. పెద్దవాడు ముందు మాట్లాడితే చిన్నవాని నోరు మూతపడుతుందని వారు గ్రహించారు. ఆ దినమున నేను చేసినది దీనికి సరిగ్గా వ్యతిరేకము.

6. ఒక్కరి తోడు చాలు

ఇంతవరకు చదివి నిరుత్సాహపడవద్దు. యాష్ ప్రయోగములో అన్నిటికంటె విలువైన సంగతి ఇక్కడ ఉన్నది. గుంపులో ఒక్కడు నిజము చెప్పేవాడు ఉంటే, పరీక్షార్థి తప్పులు నాలుగవ వంతుకు పడిపోయాయి. ఆ ఒక్కడు సరియైన జవాబు కాక ఇంకొక తప్పు చెప్పినా, గుంపు పట్టు సడలింది. అతడు మధ్యలో గుంపువైపు తిరిగిపోతే మాత్రము తప్పులు మళ్లీ పెరిగాయి. మిల్‌గ్రామ్ ప్రయోగములో ప్రక్కన కూర్చున్న ఇద్దరు "మేము చెయ్యము" అని లేచినప్పుడు, చివరివరకు వెళ్లినవారు 40 మందిలో నలుగురే. దూరా మైదానములో బంగారు ప్రతిమ యెదుట నిలబడినవారు ఒక్కరు కారు, ముగ్గురు (దాని. 3) అనే సంగతి గుర్తుచేసుకోండి.

చిన్న గుంపు పెద్ద గుంపును మార్చగలదా? 1969లో సెర్జ్ మోస్కోవిచీ ఫ్రాన్సులో ఆరుగురి గుంపులలో ఇద్దరి చేత నీలి రంగును ఆకుపచ్చ అని చెప్పించాడు. ఆ ఇద్దరు ప్రతిసారీ తడబడకుండా అదే చెప్పినప్పుడు, మిగిలినవారి జవాబులలో నూటికి ఎనిమిదికి పైగా వారివైపు తిరిగినవి. ఒకసారి అలా, ఒకసారి ఇలా చెప్పినప్పుడు నూటికి ఒకటి కొంచెము దాటింది. తక్కువమందికి బలము వారి స్థిరత్వములోనే ఉన్నది. కోపములో కాదు.

గుంపు ప్రభావము చెడుకు మాత్రమే కాదు, మేలుకు కూడా పనిచేస్తుంది. హోసూరులో గాని, బరంపురములో గాని, షోలాపూరులో గాని మన భాష తరతరములుగా నిలిచినదంటే, పిల్లవాడు ఇంట తల్లి నోట, వీధిలో తోటివారి నోట అదే మాట విన్నందుననే. తోటి పిల్లలు తెలుగు చదువుతుంటే మన పిల్లలూ చదువుతారు. అందుకే ఒక్క తరగతి మూతపడటము చిన్న విషయము కాదు.

7. మన సభలలో ఆచరించదగినవి

మన బాప్టిస్టు సంఘములలో నిర్ణయము సభ్యులది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓటు. ఆ ఓటు నిజమైనదిగా ఉండాలంటే ఈ ఐదు పద్ధతులు ఉపయోగపడతాయి. మా సంఘములో కొన్నిటిని మొదలుపెట్టాము.

అ) అధ్యక్షుడు, పెద్దలు చివర మాట్లాడాలి. స్త్రీలను, యౌవనులను ముందుగా అడగాలి.
ఆ) ముఖ్యమైన విషయములలో చేతులెత్తడానికి బదులు చీటీలు వాడాలి. చెయ్యి నలుగురికి కనబడుతుంది. చీటీ కనబడదు.
ఇ) "అభ్యంతరము ఉన్నదా?" అని అడగవద్దు. "దీనివలన కలిగే నష్టములు రెండు చెప్పండి" అని అడగాలి. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ధైర్యము కావాలి. రెండవదానికి ఆలోచన చాలు.
ఈ) పెద్ద తీర్మానమును ఒకే సమావేశములో ముగించవద్దు. ఒక వారము ఇంట మాట్లాడుకోనివ్వాలి. చెప్పుల దగ్గర చెప్పుకునే మాట సభలోనికి రావడానికి ఆ వారము కావాలి.
ఉ) ఒంటరిగా నిలబడి మాట్లాడినవానితో మనము ఏకీభవించకపోయినా, "ఆయన మాట కూడా వినండి" అని ఒక్కరైనా అనాలి.

చీటీల పద్ధతి పెట్టిన మొదటిసారి, ఏకగ్రీవమని నేననుకున్న ఒక విషయములో మూడవ వంతు చీటీలు వ్యతిరేకముగా వచ్చాయి. కొంత బాధ కలిగింది. కాని ఆ చీటీలు అంతకుముందు కూడా ఉండేవే గదా, మనము చూడలేదు అంతే.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘములో చివరిసారి ఏకగ్రీవమైన తీర్మానము ఏది? అందులో మీ మనస్సు, మీ చెయ్యి ఒక్కటేనా?
2. "అందరూ చేస్తున్నారు" అని మీ ఇంటిలో చేసిన ఖర్చు ఏదైనా ఉన్నదా? ఆ "అందరూ" ఎవరో పేర్లు చెప్పగలరా?
3. పొగ నిండిన గదిలో మీరు ముగ్గురిలో ఒకరైతే ఏమి చేసేవారు? నిదానముగా ఆలోచించి చెప్పండి.
4. మీ పిల్లలు ఎవరి మధ్య ఉన్నప్పుడు తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడుతున్నారు? ఎవరి మధ్య సంతోషముగా మాట్లాడుతున్నారు?

ఇంటిపని: రాబోయే సమావేశములో మీ ప్రక్కన కూర్చున్నవారిని, చేతులెత్తే ముందే, "మీకు నిజముగా ఏమనిపిస్తున్నది?" అని ఒక్కసారి అడగండి. ఆ దినమున ఆ తల్లిని నేను ముందే అడిగియుంటే, నలుగురు పిల్లలకైనా ఈనాడు అక్షరములు మిగిలియుండేవి.